అది దుంకుడు, ఇది వాల్టు

ఆ యేడు చెరుకు నరుకుడు మొదలైన వారంలోనే మా ఆయన ఒక వెదురు గడ భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. అనపతీగకు పందిరి వేస్తాడేమో అనుకున్నాను. తీగ అప్పటికే గోడెక్కి పక్కింటివాళ్ల దండెం మీద పడుతోంది. ఇన్నాళ్లకు ఈయనకు ఇల్లు గుర్తొచ్చిందని సంతోషించాను కూడా. తీరా చూస్తే గడను వాకిట్లో పడుకోబెట్టి, పాత గుడ్డతో తుడిచి, ఆ కొస నుంచి ఈ కొస దాకా నిమురుతూ, "ఏమే, కొబ్బరినూనె ఉన్నదా?" అన్నాడు.

"నెత్తికా, కట్టెకా?"

"కట్టెకే. నెత్తి మీద ఏమున్నదని?"

బీడీ చుడుతున్న నా చెయ్యి అలాగే ఆగిపోయింది. మా ఆయన పరాచికమాడాడు. సిద్దిరాములు పరాచికమాడాడంటే మా గల్లీలో ఎవరూ నమ్మరు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడే నాటికి ఆయన అందులో ఫిట్టరు. గేటుకు తాళం పడ్డనాటి నుంచి ఆయన నోటికీ తాళం పడింది. తాగడు, తిట్టడు, కొట్టడు. మాట్లాడడు, అంతే. 'అన్నం పెట్టు', 'లైటు బంద్ చెయ్యి' అనే రెండు ముక్కలతో దాదాపు పదేళ్లు ఈడ్చాం. చుట్టాలొచ్చి, నీ మొగుడెంత నెమ్మదస్తుడే పుష్పలతా అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. అలాంటి మనిషి ఇప్పుడు కట్టెకు నూనె రాస్తూ నవ్వుతున్నాడు. సంతోషించాలా, డాక్టరుకు చూపించాలా అని నాకు పెద్ద సందేహం పట్టుకుంది.

మర్నాడు సతీష్‌బాబు వచ్చాక గాని సంగతి తెలియలేదు. ఆయన పక్క క్యాంపులో, అంటే ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లో, ఉండే రైతు. అందరూ చెరుకు మానేసి వరికి మళ్లినా ఆయన ఇంకా నాలుగెకరాల చెరుకు పట్టుకుని వేలాడుతున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీ వాళ్లు పెట్టే ఆటలపోటీల్లో కార్మికుల తరఫున మా ఆయన, రైతుల తరఫున ఆయన కర్ర పట్టుకుని ఎగిరేవాళ్లట.

"పోల్‌వాల్ట్ చెల్లెమ్మా," అన్నాడాయన చాయ్ ఊదుకుంటూ. "జనవరి ఆఖర్లో నిజామాబాదులో పెద్దవాళ్లకి రాష్ట్రపోటీలున్నాయి. అరవై దాటినవాళ్లలో రికార్డు రెండు మీటర్ల నలభై. మీ ఆయన దాన్ని కొట్టేస్తాడంట."

"కొట్టి?"

సతీష్‌బాబు మా ఆయన మొహం చూశాడు. మా ఆయన నా మొహం చూశాడు.

"పుస్తకంల పేరుంటది," అన్నాడు చివరికి మా ఆయన. "సిద్దిరాములు, బోధన్, రెండు మీటర్ల నలభై అయిదు అని. గంతే."

గంతే అంటూనే గోడకు ఆనించిన గడను మళ్లీ ఒకసారి నిమిరాడు.

ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనుక ఖాళీ జాగాలో మొదలుపెట్టారు. సతీష్‌బాబు ట్రాక్టరు నిండా ఎండిన చెరుకాకు తెచ్చి గుట్టగా పోయించాడు. దాని మీద రెండు పాత పరుపులు పరిచారు. గడ నాటడానికి ముందర చిన్న గుంత తవ్వారు. అటూ ఇటూ రెండు గుంజలు పాతి, వాటికి వరసగా మేకులు కొట్టి, అడ్డకర్రగా ఒక చెరుకుగడ పెట్టారు. అది కింద పడి విరిగితే సతీష్‌బాబు ముక్కలు చేసి నములుతూ కూర్చునేవాడు. "నువ్వెంత ఓడిపోతే నాకంత తీపి సిద్దిరాములూ," అనేవాడు.

నాకు రెండు పనులు ఒప్పజెప్పారు. చెరుకుగడ పడితే మళ్లీ పెట్టడం ఒకటి. మా ఆయన పరుగు మొదలుపెట్టే చోట గుర్తుగా ఆయన చెప్పు ఉంచడం రెండోది. అది జానెడు ముందుకు జరిగినా, వెనక్కి జరిగినా అడుగులు తప్పుతాయట. నేను బీడీల చాట తెచ్చుకుని ఆ చెప్పు పక్కనే కూర్చునేదాన్ని. ఒళ్లో చాట, అందులో ఆకు, తంబాకు, కళ్లెదుట అరవై దాటిన మొగుడు కర్ర పట్టుకుని పరిగెత్తడం. దారిన పోయేవాళ్లు సైకిళ్లు ఆపి చూసేవాళ్లు. సిగ్గయ్యేది. అంత కష్టపడి పైకెందుకు పోవాలి, పోయినవాడు మళ్లీ కిందెందుకు పడాలి? ఎన్నిసార్లు చూసినా నాకు తలాతోకా అందలేదు.

నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్కులో పనిచేసే మా బిడ్డ సవిత ఫోను చేసి కేకలేసింది.

"అవ్వా, బాపుకు ఏమన్న అయ్యిందా? బీపీ గోలి ఏసుకుంటుండా?"

"ఏసుకుంటుండు బిడ్డా."

"మరి గీ వయసుల గా ఎగురుడేంది? బొక్కలిరిగితే ఎవలు సూడాలె? నువ్వన్న చెప్పరాదు?"

చెప్తానన్నాను. చెప్పలేదు. ఎందుకంటే సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన మాట్లాడుతున్నాడు. ఎనిమిది అడుగులు పరిగెత్తాలా పది అడుగులా, గడ గుంతలో పడగానే ఏ కాలు లేపాలి, గాలి ఎటు వీస్తే మంచిది. అన్నం కలుపుకుంటూ మాట్లాడేవాడు, చెయ్యి కడుక్కుంటూ మాట్లాడేవాడు. నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు. అర్థం కాకపోయినా ఊఁ కొట్టడం కాపురంలో నేర్చుకున్న విద్యే కాబట్టి ఊఁ కొట్టేదాన్ని. పదేళ్లు గోడలతో ఉన్నదాన్ని, ఇంట్లో మనిషి గొంతు వినబడుతుంటే ప్రాణం లేచొచ్చేది. నాకు ఆ రికార్డు అక్కర్లేదు. ఆ మాటలు కావాలి. రికార్డు రాకపోతే ఈ మనిషి మళ్లీ మూగబోతాడేమోనని ఒకటే గుబులు. ఆ గుబులుతోనే రోజూ చెప్పును జానెడు తేడా లేకుండా పెట్టేదాన్ని.

డిసెంబర్‌లో ఒకరోజు వాళ్లిద్దరూ చాయ్ తాగొస్తామని చౌరస్తాకు పోయారు. నేనొక్కదాన్నే ఉన్నాను. చుట్టిన బీడీలు కట్టలు కట్టి చాట పక్కన పెట్టాను. వెదురు గడ గుంజకు ఆనించి ఉంది. ఎందుకు లేచానో ఇప్పటికీ చెప్పలేను. కాళ్లు తిమ్మిరెక్కి లేచానేమో. గడ చేతికి తీసుకున్నాక మాత్రం అది నాకు బాగా తెలిసిన వస్తువులా అనిపించింది.

ఎడపల్లి దగ్గర నేను పుట్టిన ఊరికీ నాట్లు వేసే పొలాలకూ మధ్య ఒక కాలువ ఉండేది. వంతెన మీంచి పోవాలంటే చాలా దూరం చుట్టు తిరగాలి. ఆడపిల్లలం తలా ఒక కట్టె పట్టుకుని, ఉరికొచ్చి, కట్టెను నీళ్లలో నాటి, అవతలి గట్టున పడేవాళ్లం. తప్పితే నీళ్లలోనే. నేను తప్పేదాన్ని కాదు.

కొంగు బిగించాను. ఆ పూట ఆట ఇంకా మొదలే కాబట్టి చెరుకుగడ నా ఛాతీ ఎత్తునే ఉంది. ఉరికి, గడను గుంతలో పెట్టి, కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి పరుపు మీద ఉన్నాను. మోచేతికి చెరుకాకు గీరుకుపోయి మండుతోంది. పైన చెరుకుగడ కదలకుండా ఉంది.

"చెల్లెమ్మా!" అని కేక. సతీష్‌బాబు చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనకాలే మా ఆయన. "ఏదీ, ఇంకోసారి ఎగురు, చూద్దాం!"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. "మా ఊరి కాలువ గిట్లనే దుంకేటోళ్లం అన్నా, నాట్లకు పోయేటప్పుడు. చిన్నప్పుడు," అన్నాను మా ఆయన వైపు చూస్తూ.

మా ఆయన వచ్చి గడ అందుకున్నాడు. నేను పట్టుకున్న చోట తువ్వాలతో తుడిచాడు. "చేతులు గట్ల పెట్టరు," అన్నాడు. "అది దుంకుడు. ఇది వాల్టు."

కోపం వచ్చిందా అంటే వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. రెండింట్లో ఏది ముందొచ్చిందో తేల్చుకోలేక మళ్లీ చాట ముందేసుకుని కూర్చున్నాను.

జనవరికి సతీష్‌బాబు ఎవరినో బతిమాలి ఫైబర్ పోలు ఒకటి తెచ్చాడు. దాంతో మా ఆయన రెండు మీటర్ల నలభై అయిదు రెండుసార్లు దాటాడు. టేపు పెట్టి కొలిచింది నేనే. ఆ రాత్రి ఆయన మూడు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

కాని ఒక విషయంలో వాళ్లిద్దరికీ పడలేదు. పోటీలో అడ్డకర్రను కింది ఎత్తు నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతారు. ఎవరికిష్టమైన ఎత్తులో వాళ్లు మొదలుపెట్టొచ్చు. వరుసగా మూడుసార్లు తప్పితే బయటికే. ఫ్యాక్టరీ పోటీల్లో ఒక ఆనవాయితీ ఉండేదట. ఫస్టు వచ్చేవాడు కింది ఎత్తులకు లేవడు. మిగతావాళ్లంతా పడిపోయేదాకా నీళ్లట్యాంకు నీడలో సోడా తాగుతూ కూర్చుంటాడు. ఆఖరికి లేచి, ఒళ్లు విరుచుకుని, ఒక్క ఎగురుతో పని ముగిస్తాడు.

"అవన్నీ కుర్రాళ్లప్పటి వేషాలోయ్," అన్నాడు సతీష్‌బాబు. "ముందు రెండు మీటర్ల దగ్గర ఒకటి ఎగిరి పేరు రాయించేసుకో. మెడలో మెడల్ పడ్డాక నీ ఇష్టం."

"రెండు మీటర్లకు నేను లేస్తే ఫ్యాక్టరీల మా ఫిట్టింగు షాపోళ్లు నవ్వరా?"

"ఏ షాపువాళ్లు? ఆ షాపెక్కడుంది, వాళ్లెక్కడున్నారు?"

మా ఆయన పోలు భుజాన వేసుకుని అటు తిరిగాడు. మళ్లీ మూతి బిగించాడని భయపడి, "పోనియ్యి అన్నా, ఆయనకు తెలుసు గద," అని మా ఆయన పక్షమే మాట్లాడాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

పోటీ రోజు సతీష్‌బాబు పికప్ బండిలో వెదురు గడ, ఫైబర్ పోలు రెండూ వేసుకుని పోయాం. నేను కూడా గ్రౌండులో ఉండి చెప్పు గుర్తు పెట్టాలని మా ఆయన పట్టు. చీరతో లోపలికి రానివ్వరని సతీష్‌బాబు చెప్తే సవిత పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. గేటు దగ్గర ఒకమ్మాయి నా వీపుకు నంబరు రాసిన గుడ్డముక్క పిన్నులతో తగిలించింది. అది పాసనుకున్నాను.

అడ్డకర్ర ఒక మీటరు ఎనభై దగ్గర మొదలైంది. అరవై దాటినవాళ్లు సతీష్‌బాబుతో కలిపి ఆరుగురు. ఒకాయనకు పొట్ట అడ్డం వచ్చింది, ఒకాయన పోలు పట్టుకుని అలాగే నిలబడిపోయి దణ్ణం పెట్టి తిరిగొచ్చాడు. మా ఆయన గోడ నీడలో కుర్చీ వేసుకుని, మెడ చుట్టూ తువ్వాల వేసుకుని, సోడా తాగుతున్నాడు. రెండు మీటర్ల దగ్గర పేరు పిలిచారు. అరచెయ్యి చూపించాడు, వద్దని. రెండు పది, వద్దు. రెండు ఇరవై, వద్దు. సతీష్‌బాబు ఆ ఎత్తు ఎలాగో దాటి, రెండు ముప్పైలో మూడుసార్లు తప్పి బయటికొచ్చాడు. మిగిలింది మా ఆయనొక్కడే. రెండు ముప్పై, నలభై కూడా వద్దన్నాడు.

"రెండు నలభై అయిదు పెట్టుండ్రి," అని లేచి ఒళ్లు విరుచుకున్నాడు.

నేను చెప్పు పెట్టాను. రెండుసార్లు అడుగులు లెక్కబెట్టి, మోకాళ్ల మీద వంగి సరిచూసి మరీ పెట్టాను.

మొదటిసారి పిక్క తగిలింది. రెండోసారి ఛాతీ తగిలింది. మూడోసారి ఆయన దాటాడు. నా కళ్లతో చూశాను, మనిషి మొత్తం అవతలికి వెళ్లిపోయాడు. బనియను కొస ఒక్కటి వెనకబడి అడ్డకర్రను తాకింది. కర్ర కాసేపు వణికింది, ఉండాలా పడాలా అన్నట్టు. తరవాత పడింది. ఎర్రజెండా లేచింది.

ఒక్క ఎత్తు కూడా దాటలేదు కాబట్టి కాగితంలో ఆయన పేరు ఎదురుగా ఏమీ రాయలేదు. రెండు ఇరవై దాటిన సతీష్‌బాబుకు బంగారు పతకం. ఆయన దాన్ని జేబులో దాచుకుని తలొంచుకు నిలబడ్డాడు. మా ఆయన పరుపు అంచున కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. పదేళ్లు చూసిన మొహమే మళ్లీ కనిపించింది.

అప్పుడే మైకులో పిలిచారు. "యాభై అయిదు దాటిన మహిళలు. పుష్పలత. పుష్పలత గారెవరు?"

నా పేరుతో ఇంకెవరో ఉన్నారనుకుని చుట్టూ చూశాను. కాగితాలు పట్టుకున్న మేడమ్ నా దగ్గరికే వచ్చింది. "మీరే కదమ్మా? మీ గ్రూపుల మీరొక్కలే. ఇంతవరకు ఎవ్వరు ఎగరలే. మీరెంత ఎగిరితే గదే రికార్డు."

సతీష్‌బాబు వైపు తిరిగాను. "అన్నా, ఏంది గిది?"

"లోపలికి రానివ్వాలంటే పోటీలో పేరుండాలి కదమ్మా. అందుకే రాశాను," అన్నాడు. ఆ మొహంలో అబద్ధముందో నిజముందో నాకు చిక్కలేదు. ఇప్పటికీ చిక్కలేదు.

మూడు నెలలు ఒళ్లు హూనం చేసుకున్నవాడికి పేరు లేదట. చాట ముందు కూర్చున్నదానికి ఎంత ఎగిరితే అంత రికార్డట. ఇదెక్కడి చోద్యం? నేను ఎగిరితే ఈ మనిషి ఇంక జన్మలో నోరు విప్పడు. ఎగరకపోతే విప్పుతాడని ఏముంది?

"నాతోని కాదు మేడమ్. రాసినోళ్లనే ఎగరమనుండ్రి," అన్నాను.

"పిలుస్తుండ్రు గదా. పో," అన్నాడు మా ఆయన, తలెత్తకుండా.

అది కోపమో, విసుగో, నిజంగానే పొమ్మనడమో తెలియలేదు. అడిగే ధైర్యం లేదు. వెళ్లి వెదురు గడ తీసుకున్నాను.

అడ్డకర్ర ఒక మీటరు ఇరవై మీద పెట్టారు. ఉరికాను. అడుగులు కలవలేదు, గడ గుంత అంచుకు కొట్టుకుంది, కర్రను పొట్టతో తోసుకుంటూ పోయి పరుపు మీద బోర్లా పడ్డాను. ఎవరో నవ్వారు. లేచి వెనక్కి తిరిగేసరికి మా ఆయన సంచిలో ఏదో వెతుకుతున్నాడు. బీపీ గోలీ అనుకుని ఉలిక్కిపడ్డాను. సంచిలోంచి చెప్పు తీశాడు. ఉత్త కాళ్లతో నడుచుకుంటూ వచ్చి, గుంత దగ్గర నుంచి అడుగులు లెక్కబెట్టుకుంటూ వెనక్కి పోయి, నేను నిలబడ్డ చోటుకు ఒక అడుగు అవతల ఆ చెప్పు పెట్టాడు. నా మొహం చూడలేదు. మళ్లీ పోయి కూర్చున్నాడు.

నేను ఆ చెప్పు పక్కన నిలబడ్డాను.

ఒకటి ఇరవై దాటాను. ఒకటి ముప్పై కూడా దాటాను. "మా అవ్వ!" అని, క్లినిక్కు నుంచి ఎప్పుడొచ్చిందో గాని, గోడ అవతల నుంచి సవిత అరిచింది. అరిచి, బాపును చూసి, వీడియో తీస్తున్న ఫోను మెల్లగా దించేసింది. ఇంకా పెంచమంటారా అని మేడమ్ అడిగింది. చాలన్నాను. కాగితం మీద నా పేరు, ఊరు, ఎత్తు రాసి ఇచ్చారు. ఆయన ఎలా కావాలన్నాడో అచ్చం అలాగే ఉంది, పేరు మాత్రమే వేరు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నాలుగు మడతలు పెట్టి, సంచిలో బీపీ గోలీల డబ్బా కింద దోపాను.

పొద్దు వాలుతుండగా తిరుగు ప్రయాణం. సతీష్‌బాబు ముందు కూర్చుని నడుపుతున్నాడు. మేమిద్దరం వెనక ట్రాలీలో, ముందు గోడకొకరం వెనక గోడకొకరం ఆనుకుని కూర్చున్నాం. కర్రలు రెండూ మా మధ్య పడుకున్నాయి. వెదురు గడ మొదలు నా దగ్గరుంది, కొస ఆయన కాళ్ల దగ్గరుంది. ఊరు దాటింది, జాన్కంపేట దాటింది. ఆయన మాట్లాడలేదు. నేను బతిమాలుకోవాలా? ఏమని? నువ్వు ఓడిపోయినందుకా, నేను ఎగిరినందుకా? అయిపోయింది, మళ్లీ పదేళ్లు 'అన్నం పెట్టు', 'లైటు బంద్ చెయ్యి' అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్ము నెపం పెట్టి తుడుచుకున్నాను.

ఎడపల్లి దాటాక కాలువ వంతెన మీద బండి నెమ్మదించింది. కింద నీళ్లు నిండుగా పోతున్నాయి.

"మీ ఊరి కాలువ," అన్నాడాయన.

నేను తలెత్తాను.

"ఎంత ఎడల్పుండె?"

ముప్పై ఆరేళ్ల కాపురంలో మా ఊరి సంగతి ఆయన నన్ను అడగడం అదే మొదలు. కాలువ కళ్ల ముందే ఉంది, అవతలి గట్టున తుమ్మచెట్టు ఉంది, నాకంటే ముందు దాటిన పిల్లల నవ్వులున్నాయి. కొలతే తెలియదు. ఎవరూ కొలవలేదు.

వంగి, వెదురు గడ మొదట్లో మోచెయ్యి ఆనించాను. అక్కడి నుంచి ఒక మూర, రెండు మూరలు అని కొలుచుకుంటూ మోకాళ్ల మీద ఆయన వైపు జరిగాను. ఆయన కదలకుండా చూస్తున్నాడు. ఆరో మూరకు గడ అయిపోయింది. కాలువ ఇంకా ఒక మూర మిగిలింది.

ఆ మూర ఆయన మోకాలి మీద పెట్టి, "గింత," అన్నాను.